నాలుక చూపించు

జూలై 8, మంగళవారం

చేరాం. పది గంటల బస్సు ప్రయాణంలో రేడియో తొమ్మిది గంటలు మాట్లాడింది, మిగిలిన గంట నిద్రలో మాట్లాడింది. ఆ పిల్లకి ఆ పేరు ఊరికే పెట్టలేదు. మా చర్చి యూత్ లీడర్ అన్నతో కలిపి మొత్తం ఎనిమిదిమందిమి. పగలు ఈ ఊరి చర్చికి రంగులు వెయ్యాలి, సాయంత్రం ప్రార్థన కూటాలు, శనివారం తిరుగు ప్రయాణం.

ఆడపిల్లల్ని ఇద్దరేసి చొప్పున ఇళ్ళలో సర్దారు. నాకూ రేడియోకీ టైలరక్క ఇల్లు పడింది. ముందు గదిలో రెండు కుట్టుమిషన్లు, గోడ పొడుగునా చేతులు కుట్టని బడి యూనిఫారాలు. వెనక గది మాకిచ్చేసి, తనూ కూతురూ మిషన్ల మధ్య పక్క వేసుకున్నారు. వద్దక్కా అంటే వినలేదు. "మీరు దేవుని పని మీద వచ్చారు, మీరు గదిలో పడుకోండి. నేను నా పని పక్కన పడుకుంటాను" అంది. భర్త పోయి మూడేళ్ళయిందట.

కూతురికి తొమ్మిదేళ్ళు. అందరూ చిట్టి అంటారు. వాళ్ళమ్మ నాకు అక్క కాబట్టి నేను పిన్నినని అదే తేల్చేసింది. భోజనాలయ్యాక అక్క దారాల పెట్టె వెనక నుంచి ఒక కవరు తీసి మాత్ర ఇచ్చింది. పిల్ల మింగింది. "నాలుక చూపించు." చూపించింది. "పైకెత్తు." ఎత్తింది. ఇదివరకు నాలుక కింద దాచుకుని వీధిలోకెళ్ళి ఉమ్మేసేదట.

"ఫిట్సమ్మా దీనికి. ఏణ్ణర్ధం నుంచి వాడుతున్నాం. మాత్రలు మొదలెట్టాక మళ్ళీ రాలేదు కానీ, ఎన్నాళ్ళని వాడతాం?" అంది అక్క.

అలాగా అన్నాను.

నా మాత్ర నేను బాత్‌రూమ్‌లో వేసుకున్నాను. రేడియో చూసి ఏంటంటే తలనొప్పికి అన్నాను. ప్రతి ట్రిప్పులోనూ అదే చెబుతాను. శనివారం దాకా లెక్కేసి, ఆలస్యమైతే ఉంటాయని నాలుగు ఎక్కువ వేసి పన్నెండు తెచ్చుకున్నాను.

జూలై 9, బుధవారం

నిచ్చెన మీద నేను, కింద రేడియో. గోడకి పట్టిన రంగు కన్నా దాని జుట్టుకి పట్టిందే ఎక్కువ. ఉదయం, సాయంత్రం: నాలుక, పైకెత్తు. చిట్టి నన్ను చూసి కావాలని నాలుక ఇంకా పొడుగ్గా చాపింది.

జూలై 10, గురువారం

ఈ సాయంత్రం కూటంలో నా సాక్ష్యం, దేవుడు నాకు చేసిన మేలు అందరి ముందూ చెప్పడం.

అన్న దగ్గర ఒక పద్ధతి ఉంది. ఎవరి సాక్ష్యమైనా మూడు నిమిషాలు. ముందురోజు తన ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి మా చేత చెప్పించి చూస్తాడు. మూడు దాటితే వెనక బెంచీలవాళ్ళు గొడుగులు వెతుక్కుంటారంటాడు. నాది ఈపాటికి అరిగిపోయిన రోడ్డు. ఇది ఎనిమిదో ఊరు. పదిహేనేళ్ళప్పుడు బడిలో పడిపోవడం, నోట్లో నురగ, బల్ల మీద పక్కన కూర్చునే పిల్ల జరిగి జరిగి కింద పడటం (ఇక్కడ నవ్వుతారు), అమ్మ ఏడవడం, సంఘమంతా మూడు రోజులు ఉపవాసముండి ప్రార్థన చేయడం. ఆనాటి నుంచి ఈనాటి వరకు ఒక్కసారి కూడా రాలేదు. అందరూ స్తోత్రం అన్నారు.

ఇందులో అబద్ధం ఒక్కటి లేదు. అన్నీ జరిగినవే.

రెండేళ్ళ కిందట మొదటిసారి చెప్పినప్పుడు మూడు నిమిషాల ఆరు సెకన్లు వచ్చింది. మాత్రల గురించిన వాక్యం ఉండేది చివర. అన్న తీసేయించాడు. సరిగ్గా ఆరు సెకన్లు.

కూటం అయ్యాక టైలరక్క వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. వేళ్ళకి సూది గుచ్చుకున్న గరుకు. "ఒక్కసారి కూడా రాలేదా అమ్మా?" అంది. "రాలేదక్కా" అన్నాను. అది నిజమే.

జూలై 11, శుక్రవారం

ఉదయం నాలుక మాట వినబడలేదు. నేను స్నానంలో ఉన్నట్టున్నాను.

జూలై 12, శనివారం

బస్సు సగం దారి నుంచి వెనక్కి వచ్చింది. రాత్రి వానకి కొండ దగ్గర రోడ్డు కొట్టుకుపోయింది. ఇంకో దారి లేదు. వారం పడుతుందని ఒకరు, పదిరోజులని ఇంకొకరు. మూటలు మళ్ళీ దింపుకుని టైలరక్క గుమ్మంలో నిలబడ్డాం. "నేను అడిగాను దేవుణ్ణి, ఇంకో నాలుగు రోజులు ఉంచమని" అంటూ అక్క నవ్వి, నా చేతిలో సంచీ లాక్కుంది. చిట్టి పిన్నీ అని నడుం పట్టుకుంది.

నిన్న సాయంత్రం నాలుక లేదు. ఈ ఉదయం లేదు. ఇప్పుడూ లేదు. డాక్టరు డోసు మార్చి ఉండొచ్చు. పిల్లల విషయాల్లో తల్లికి తెలియదా, నేను చెప్పాలా.

నావి మూడున్నాయి.

జూలై 13, ఆదివారం

ఆరాధన తర్వాత అక్క అన్నతో అంటుంటే విన్నాను. "శుక్రవారం పొద్దున్నుంచి ఆపేశానండి. ఈ అమ్మాయి సాక్ష్యం విన్నాక ఇంకా మాత్రలిస్తే నా నమ్మకానికి అర్థమేముంది?" అన్న కళ్ళు మెరిశాయి. దేవుడు రోడ్డు ఎందుకు తెంచాడో ఇప్పుడర్థమైందన్నాడు. వచ్చే ఆదివారం ఆవిడ చేత సాక్ష్యం చెప్పించాలన్నాడు.

పక్కనే ఉన్నాను. రంగు డబ్బా మూత బిగించాను. బిగిసిన మూతే మళ్ళీ బిగించాను.

అమ్మ ఫోన్ చేసింది. ఎలా ఉన్నావనలేదు, మాత్రలున్నాయా అంది.

"ఉన్నాయమ్మా."

"ఎన్ని?"

"చాలా."

జూలై 14, సోమవారం

ఆఖరిది పొద్దున వేసుకున్నాను.

మందుల షాపు చర్చి పక్కనే. నడిపేది సంఘ పెద్ద. మొన్న నా సాక్ష్యానికి అందరికన్నా గట్టిగా స్తోత్రం చెప్పింది ఆయనే. "ఏం కావాలమ్మా?" అన్నాడు. తలనొప్పి బామ్ కొనుక్కుని వచ్చాను. రాసుకున్నాను కూడా. అబద్ధానికి వాసన ఉండాలిగా.

మధ్యాహ్నం అక్క యూనిఫారాలివ్వడానికి బడికెళ్ళింది. దారాల పెట్టె వెనక కవరు అక్కడే ఉంది. ఊరి నర్సమ్మ చేతిరాతలో మందు పేరు. నేను వాడేదే. బలం మాత్రం సగం, పిల్లది కదా. నాకైతే రెండు వేసుకోవాలి.

సాయంత్రం రెండు తీసుకున్నాను. ఎలాగూ వాడట్లేదు. ఊరికే పడి ఉన్న మందు. ఒకరికైనా పనికొస్తుంది.

జూలై 15, మంగళవారం

ఉదయం రెండు, సాయంత్రం రెండు. ఉన్నట్టుండి ఆపేస్తే ఏమవుతుందో మా డాక్టరు నాకు పదిసార్లు చెప్పాడు. అందుకే నేను ఆపలేదు.

పై వాక్యం మళ్ళీ చదువుకున్నాను. ఇక రాయను.

జూలై 16, బుధవారం

రాయక తప్పడం లేదు.

పొద్దున అన్న స్టాప్‌వాచ్‌తో మా ఇంటికి వచ్చాడు. అక్క మిషన్ ఆపి, చేతులు కట్టుకుని, పాఠం అప్పజెప్పే పిల్లలా నిలబడి చెప్పింది. నాలుగు నిమిషాలు వచ్చింది. "బాగుందక్కా, కొంచెం తగ్గించాలి. చివర్లో ఆ మాత్రల కవరు తెచ్చి అందరికీ చూపించండి. ఇన్ని మాత్రలు మిగిలాయి, నా బిడ్డకి అవసరం లేకపోయింది అనండి. అంతకన్నా మాటలక్కర్లేదు" అన్నాడు.

ఆయన వెళ్ళాక అక్క కవరు బోర్లించి లెక్కపెట్టింది. నెలకి అరవై. పది రోజులు వాడితే ఇరవై పోయి నలభై ఉండాలి. ముప్పై రెండే ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టింది. మడత పెట్టిన గుడ్డ విప్పి, మిషన్ కింద చూసింది. తర్వాత చిట్టిని పిలిచింది.

నేను వెనక గదిలో తలుపు పక్కనున్నాను.

"ఎందుకు తీశావే?"

"నేను తియ్యలేదమ్మా."

"ఇంట్లో ఇంకెవరికి కావాలి ఫిట్స్ మాత్రలు?"

ఆ జవాబు పిల్ల దగ్గర ఎందుకుంటుంది.

"భయమేసిందా? అమ్మ ప్రార్థన మీద నీకు నమ్మకం లేదా?"

"ఉంది. నేను తియ్యలేదు."

"అబద్ధమొకటా పైగా."

కొట్టలేదు. గట్టిగా కూడా అరవలేదు. చిట్టిని మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, క్షమించమని ప్రార్థన చెయ్యమంది. పిల్ల చాలాసేపు చెయ్యలేదు. చివరికి చేసింది. "దేవా, నేను తీసి ఉంటే నన్ను క్షమించు" అంది. తీసి ఉంటే అంది. ఆ ఒక్క మాట వదలకుండా పట్టుకుంది.

గడప నుంచి మిషన్ దాకా మూడడుగులు. నేను వెయ్యలేదు. రేడియో రంగులకి రమ్మని కేకేస్తే వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయాను. మధ్యాహ్నం దాకా ఒకే కిటికీకి మూడు పూతలు వేశాను.

ఈ సాయంత్రం నేను కవరు ముట్టుకోలేదు.

జూలై 17, గురువారం

ఉదయం ఎనిమిదిన్నర. చిట్టి బడి సంచీ తగిలించుకుంటోంది. మాట మధ్యలో ఆగిపోయింది. చూపు పక్కకి పోయింది. నాకు ముందే తెలిసిపోయింది, నేను లేచేలోపే పడింది. గడ్డం మిషన్ బల్ల అంచుకి తగిలింది.

నాకు తెలిసిందల్లా చేశాను. పక్కకి తిప్పాను, తల కింద యూనిఫారాలు పెట్టాను, కత్తెరలు దూరంగా తోశాను, నోట్లో ఏమీ పెట్టనివ్వలేదు, గడియారం చూశాను. రెండు నిమిషాల చిల్లర. అక్క చిట్టి కాళ్ళ దగ్గర కూర్చుని గట్టిగా ప్రార్థిస్తోంది. నాకు వచ్చినప్పుడు కూడా ఇలాగే ఉండేదా అనుకున్నాను. రెండేళ్ళుగా జనానికి చెబుతున్నాను గానీ నేనెప్పుడూ చూడలేదు కదా.

రేడియో పరుగెత్తి నర్సమ్మని తీసుకొచ్చింది. గడ్డానికి మూడు కుట్లు.

"మందు వేస్తున్నారా?" అంది నర్సమ్మ.

"ఆపాను. వారమైంది" అంది అక్క.

"ఎవరు ఆపమన్నారు?"

"ఎవరూ అనలేదు. నేనే. బాగానే ఉండేది. ఇదే దొంగచాటుగా మింగింది నర్సమ్మా. దీనికి నమ్మకం కుదరలేదు, అందుకే మళ్ళీ వచ్చింది."

నర్సమ్మ తల పట్టుకుంది. "నీకేమైనా పిచ్చా? ఈ పూట నుంచే మళ్ళీ మొదలుపెట్టు" అంది.

"ఆదివారం దాకా చూస్తాను." అక్క నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా ఈవిడకి. నీకెలా తగ్గిందో చెప్పు."

ముగ్గురూ నన్నే చూస్తున్నారు. చెప్పొచ్చు. ఆరు సెకన్లు.

"ప్రార్థన చేశారండి" అన్నాను.

అప్పుడే చిట్టికి కొంచెం తెలివి వస్తోంది. కళ్ళు పూర్తిగా తెరవకుండానే, కుట్లు వేసిన గడ్డం కదపలేక కదుపుతూ, మొట్టమొదట అన్న మాట: "అమ్మా, నేను తియ్యలేదు."

నా అంత నీచురాలు ఉండదు.

జూలై 18, శుక్రవారం

అన్నకి చెప్పాను. సగం రంగేసిన చర్చిలో, నిచ్చెన కింద. నేనింకా మాత్రలు వాడుతున్నాననీ, చిట్టివి తీసింది నేనేననీ. బ్రష్ చేతిలో అలాగే పట్టుకుని కూర్చుండిపోయాడు. రంగు కారి ప్యాంటు మీద పడుతున్నా చూసుకోలేదు.

"నాకెందుకు చెప్పలేదు?"

"మొదట్లో ఉండేదన్నా ఆ వాక్యం. మీరు తీసేయమన్నారు."

ఆయన బ్రష్ డబ్బాలో పెట్టాడు. "ఆరు సెకన్లు తగ్గించమన్నాను. ఏది తియ్యాలో నువ్వే చూసుకోమన్నాను" అన్నాడు. కోపంగా అనలేదు, గుర్తు చేసుకుంటూ అన్నాడు.

నిజం. ఆ బల్ల దగ్గర పిల్ల పడిపోయే ముక్క పన్నెండు సెకన్లుండేది. అది తీసెయ్యొచ్చు. కానీ అక్కడ నవ్వుతారు. ప్రింటింగ్ షాపులో పుస్తకాల అంచులు కోసే ఉద్యోగం నాది, ఎక్కడ కోస్తే ఏం పోతుందో నాకు తెలియకపోవడమేమిటి. రెండేళ్ళుగా అన్నే తీసేయించాడని నాకు నేను చెప్పుకుంటున్నాను. ఈ డైరీలో కూడా అలాగే రాశాను, నేను తప్ప చదివేవాళ్ళు లేని దాంట్లో.

"అంటే ఏడు ఊళ్ళు" అన్నాడు అన్న. "ఇంతకుముందు ఏడు ఊళ్ళలో చెప్పించాను నీ చేత."

ఆ ఏడు ఊళ్ళ నుంచీ అనుకున్న రోజుకే బస్సెక్కాం. రోడ్లన్నీ బాగున్నాయి. మేం వచ్చేశాక అక్కడ ఎవరి ఇంట్లో ఏ కవరు దారాల పెట్టె వెనక్కి వెళ్ళిందో నాకు ఎప్పటికీ తెలియదు.

మా పాస్టరు అయ్యగారితో మాట్లాడి, తిరిగి వెళ్ళాక ఏం చెయ్యాలో చూద్దామన్నాడు. మీరు చూడండన్నా, నేను అక్క దగ్గరికెళ్తున్నానన్నాను.

అక్క కాలరు కుడుతోంది. చిట్టి పక్కన గుండీలు ఏరుతోంది. నిలబడే చెప్పాను. ఎనిమిది మాత్రలు నేనే తీశానని ముందు చెప్పాను, ఎందుకో తర్వాత చెప్పాను. మిషన్ ఆగింది. అక్క నన్ను చూడలేదు. కూతురి దగ్గరికెళ్ళి నేల మీద కూర్చుంది.

"నిన్ను నమ్మలేదే నేను" అంది.

"చెప్పాను కదమ్మా" అంది చిట్టి, చాలా మామూలుగా. గుండీలు ఏరుకుంటూనే ఉంది. ఆ తర్వాత వాళ్ళమ్మ ఏడుస్తుంటే మాత్రం కంగారుపడి తనూ ఏడ్చింది.

చాలాసేపటికి అక్క లేచి కవరు తీసింది. మాత్ర ఇచ్చింది. నాలుక చూపించు అంది. గడ్డం నొప్పికి పిల్ల సగమే చాపింది. పైకెత్తు అనలేదు.

నేను ఏం చెయ్యాలో తెలియక అక్కడే ఉన్నాను. అప్పుడంది: "ఆ రోజు నువ్వు నాకొక్కదానికే చెప్పావా?"

"లేదక్కా. అందరికీ."

"మరి ఇప్పుడు నాకొక్కదానికే చెబుతావేం?"

జూలై 19, శనివారం

రోడ్డు తెరిచారు. మధ్యాహ్నం బస్సు. మావాళ్ళు ఎక్కారు. రేడియో ఒక్క మాట మాట్లాడలేదు, దాని జన్మలో మొదటిసారి. ఎక్కేముందు నా బామ్ సీసా నా చేతికిచ్చి, "ఇది నా సంచీలోకొచ్చింది, నీ తలనొప్పికి" అంది. కోపమో ఏమో ముఖంలో తెలియలేదు.

నేను దిగిపోయాను. రేపు ఆరాధనలో అందరికీ చెప్పి వెళ్తాను. అన్న కూడా తన సంచీ తీసుకుని దిగాడు.

ఇంటికెళ్తే డబ్బా నిండా మాత్రలున్నాయి. ఇక్కడ లేవు. బుధవారం సాయంత్రం నుంచి వేసుకోలేదు. నర్సమ్మ గది దాకా వెళ్ళి తాళం చూసి వచ్చాను, సోమవారం గానీ రాదట. మందుల షాపాయన్ని రేపు చెప్పాకే అడుగుతాను. ఇవాళ అడిగితే చాటుగా అడిగినట్టే.

అక్క భోజనం పెట్టింది. పెట్టి మిషన్ దగ్గరికెళ్ళిపోయింది. వెనక గదిలో ఒక్కదాన్నే. ఖాళీ మాత్రల అట్ట తీసి మళ్ళీ చూసుకున్నాను.

జూలై 20, ఆదివారం

అన్న నన్ను పిలిచాడు. స్టాప్‌వాచ్ తియ్యలేదు.

కథంతా చెప్పలేదు. "మొన్న నేను చెప్పినదాంట్లో ఒకటి మానేశాను. నాకు ఫిట్స్ రాకపోవడం నిజం. నాకోసం ప్రార్థన చెయ్యడం నిజం. ఆ నెలలోనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఇప్పటికీ రోజుకి రెండు మాత్రలు వేసుకుంటున్నాను" అన్నాను. చిట్టి మాత్రలు తీసింది నేననీ, ఆ పిల్ల కాదనీ చెప్పాను. నా మాట విని ఇంకెవరైనా మందు ఆపి ఉంటే దయచేసి ఇవాళే మళ్ళీ వేసుకోమని బతిమాలాను.

ఎవరూ స్తోత్రం అనలేదు. మందుల షాపాయన తల దించుకున్నాడు. వెనక బెంచీలో ఒక పెద్దాయన జేబులోంచి ఏదో తీసి చూసుకుని మళ్ళీ లోపల పెట్టుకున్నాడు. ఏమిటో కనబడలేదు. మందు చీటీ అయితే బాగుండునని ప్రార్థన చేశాను. ఇన్నాళ్ళ తర్వాత నిజంగా చేసిన ప్రార్థన అదే.

మందుల షాపు తియ్యలేదు. ఇంటికొచ్చి సంచీ సర్దుకుంటున్నాను. సాయంత్రం బస్సు. దిగగానే డాక్టరు దగ్గరికి. తర్వాత ఏడు ఊళ్ళకీ ఉత్తరాలు రాయాలి, అన్న దగ్గర అయ్యగార్ల చిరునామాలున్నాయి. ఒక్కో ఉత్తరంలో ఆ ఒక్క వాక్యం పట్టడానికి ఎంత చోటు కావాలి.

అక్క గుమ్మంలో నిలబడింది. రెండు రోజుల తర్వాత మొదటి మాట.

"నీవి ఎప్పుడయిపోయాయి?"

"సోమవారం."

"దీనివి ఎప్పటిదాకా వేసుకున్నావు?"

"బుధవారం పొద్దున దాకా."

"తర్వాత?"

సంచీ జిప్పు లాగాను. అక్క ముఖం ఎర్రబడింది. "పదిగంటల ప్రయాణం. బస్సులో పడిపోతే?" అంది. తిట్టినట్టే అంది. ముందు గదిలోకెళ్ళి దారాల పెట్టె జరిపిన చప్పుడు. కవరు తెచ్చి, నా అరచేతిలో రెండు మాత్రలు వేసి, గ్లాసుతో నీళ్ళు ఇచ్చింది. చిట్టి గడ్డానికి కట్టుతో తలుపు పట్టుకుని చూస్తోంది.

మింగాను. గ్లాసు ఇచ్చేశాను. థాంక్స్ అనబోయాను.

"నాలుక చూపించు" అంది అక్క.

చూపించాను.

"పైకెత్తు."

ఎత్తాను.